చెమ్మ ఎవరిది, ఖర్చు ఎవరిది: ఓనరుతో, బిల్డరుతో రిపేరు తగాదా తేల్చుకునే దారి

మా బెడ్‌రూం సీలింగ్ మీద మొదట అరచేయంత మరక వచ్చింది. ఫోన్ చేస్తే బిల్డర్ తరఫు సూపర్‌వైజర్ వచ్చి, తల పైకెత్తి ఓ నిమిషం చూసి, "పైవాళ్లు బాత్రూంలో నీళ్లు ఎక్కువ పోసేస్తున్నారండీ" అని తేల్చేశాడు. పైఫ్లాటు ఆయన్ని అడిగితే "మాకు తాళాలిచ్చిన రోజు నుంచీ ఇంతే సార్, బిల్డర్‌నే అడగండి" అన్నారు. నాలుగు నెలలు వీళ్లిద్దరి చుట్టూ తిరిగాను. ఈలోపు మరక పళ్లెమంత అయింది, పెయింటు ఉబ్బి పెచ్చులుగా రాలడం మొదలైంది. చివరికి ఆ తగాదాను తేల్చినవి నాలుగు బకెట్ల నీళ్లు, ఒక చెంచా రంగుపొడి. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

తర్వాత మూడేళ్లు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శిగా ఇలాంటి పంచాయితీలు చాలానే కూర్చుని విన్నాను. దాదాపు అన్నిట్లోనూ ఒకటే తప్పు: కారణం తెలియకముందే ఖర్చు గురించి కొట్టుకోవడం. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలియనప్పుడు ఎవరి మాటైనా చెల్లుతుంది, గొంతు పెద్దదున్నవాడిది ఇంకాస్త ఎక్కువ చెల్లుతుంది. అందుకే ఇక్కడ సెక్షన్ల కంటే ముందు బకెట్లే వస్తాయి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అద్దెకున్నవాళ్లను, ఫ్లాటు కొన్నవాళ్లను, సొంత స్థలంలో ఇల్లు కట్టించుకున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మీకు జవాబుదారీ ఎవరు?

అద్దెకుంటే మీకు జవాబు చెప్పాల్సింది ఓనరు. బిల్డింగ్ కట్టి రెండేళ్లే అయినా, తప్పు బిల్డర్‌దేనని కళ్ల ముందు కనబడుతున్నా, అద్దెదారు నేరుగా బిల్డర్ మీద రెరాకు (ఫ్లాటు కొన్నవాళ్ల ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్లలేడు. రెరా చట్టంలో "అలాటీ", అంటే ఫ్లాటు కేటాయింపు పొందిన వ్యక్తి, అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అద్దెకుండేవాళ్లను మినహాయించారు. అదే నిర్వచనం, మొదటి కొనుగోలుదారు దగ్గర ఫ్లాటు కొన్న రెండో యజమానిని మాత్రం కలుపుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం కాబట్టి బిల్డర్‌ను అడగలేమని చాలామంది ఊరుకుంటారు. బిల్డర్ బాధ్యత గడువు (దాని సంగతి కింద చెబుతాను) మిగిలుంటే అడగొచ్చు.

ఇక్కడ ఓనర్లు గమనించాల్సింది ఒకటుంది. అద్దెదారు పంపే "సార్, గోడ తడుస్తోంది" అనే మెసేజ్ మీకు విసుగు పుట్టించొచ్చు గానీ, బిల్డర్ మీదికి వెళ్లే రోజున అది తేదీతో సహా మీ చేతిలో ఉండే రుజువు. ఆ ఫొటోలను అదే రోజు బిల్డర్‌కు ఈమెయిల్ చేసేయండి.

కారణం పట్టుకోవడం

చెమ్మ ఎప్పుడు పెరుగుతోందో వారం పది రోజులు గమనించండి. వాన పడ్డాకే తడిస్తే బయటి గోడ పగులో, కిటికీ అంచో, టెర్రస్సో చూడాలి. వానతో పనిలేకుండా రోజంతా ఒకేలా తడిగా ఉంటే గోడలో దాచిన సప్లై పైపు మీద అనుమానం పెట్టుకోవాలి, ఎందుకంటే అందులో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో ఉంటాయి. పైవాళ్లు స్నానాలు చేసే వేళకు ఎక్కువై, మధ్యాహ్నానికి తగ్గితే అది వాడిన నీళ్లు పోయే పైపు, లేదా బాత్రూం నేల. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకే గోడ తడిసి, తెల్లటి ఉప్పు పూత తేలితే చెమ్మ పునాది నుంచి పైకి పాకుతోందన్నమాట. దానికి పెయింటు మందు కాదు.

బాత్రూం మీద అనుమానం ఉంటే నీళ్లు నిలబెట్టి చూడటం కంటే మంచి పరీక్ష లేదు. పైఫ్లాటువాళ్లను ఒప్పించడమే అందులో కష్టమైన భాగం. "మీ తప్పు లేదని తేలితే మీకే మంచిది కదండీ" అంటే చాలావరకు ఒప్పుకుంటారు. నహానీ ట్రాప్‌ను, అంటే బాత్రూం నేల మీద నీళ్లు పోయే రంధ్రాన్ని, గుడ్డతో గట్టిగా బిగించి, నేల మీద అంగుళం లోతున నీళ్లు నింపాలి. నీటిమట్టం దగ్గర టైలు మీద పెన్సిల్‌తో గీత గీసి, టైము రాసి, ఫొటో తీయాలి. నీళ్లలో కాస్త ఫుడ్ కలర్ కలపాలి. 24 గంటలు ఆ బాత్రూం ఎవరూ వాడకూడదు. ఇంకా అనుమానం ఉంటే మరో రోజు ఉంచండి. కింద రంగునీళ్లు దిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ పాడైనట్టు. దిగకపోతే పరీక్ష అయిపోయిందనుకోకండి, అసలు సంగతి అప్పుడే మొదలవుతుంది. గుడ్డ తీసి నీళ్లన్నీ ఒక్కసారిగా ట్రాప్‌లోకి వదలండి, ఒక మనిషి కింద నిలబడి సీలింగ్ చూస్తూ ఉండాలి.

మా ఇంట్లో జరిగింది ఇదే. 24 గంటలు నిలిచినా చుక్క రాలేదు. పైఫ్లాటు ఆయన "చూశారా, మాది కాదు" అన్నారు. గుడ్డ తీసిన పది నిమిషాలకు మా సీలింగ్‌లో మరక అంచున ఎర్రటి చుక్క ఒకటి ఊరి, లాగి, రాలింది. స్లాబ్‌లోంచి డ్రెయిన్ పైపు కిందికి దిగేచోట చుట్టూ ఉన్న సందును సరిగ్గా మూయలేదు, జాయింట్ వదులుగా ఉంది. పైవాళ్లు నీళ్లు ఎక్కువ వాడారా తక్కువ వాడారా అన్న చర్చకు ఇక చోటే లేదు. ఆ చుక్క రాలడం వీడియోలో ఉంది. సూపర్‌వైజర్‌కు అది పంపాక మళ్లీ పైవాళ్ల పేరెత్తలేదు.

రెండిటికీ చుక్క రాకపోతే, పైఫ్లాటు ఇన్‌లెట్ వాల్వును ఒక రాత్రంతా కట్టేసి చూడండి. తడి తగ్గుముఖం పడితే కారుతున్నది సప్లై పైపే.

పగుళ్ల సంగతి వేరు. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా అల్లుకున్న సన్నటి గీతలు ఎక్కువగా పైపూతవే. బీముకు ఇటుక గోడ కలిసేచోట అడ్డంగా వచ్చే గీత, రెండు వేర్వేరు పదార్థాలు వేర్వేరుగా కదలడం వల్ల వస్తుంది. అక్కడ ప్లాస్టరింగ్ కింద చికెన్ మెష్ (సన్నటి తీగ జాలీ) వేయలేదేమో అడగండి, పనితనం లోపం అంటే అదే. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగులును నిర్లక్ష్యం చేయొద్దు. పిల్లర్‌లోనో బీములోనో ఊచ పొడవునా పగిలి, తుప్పు రంగు మరక దిగుతుంటే లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోందని అర్థం. స్లాబ్ అడుగు పెచ్చులూడి ఊచలు కనిపిస్తుంటే ఆ గదిలో పడుకోవడం మానేసి, ఇంజనీర్‌ను పిలవండి. ఎవరు డబ్బు పెట్టాలన్న ప్రశ్న రేపటికి ఆగుతుంది.

పగులు ఆగిపోయిందా, ఇంకా సాగుతోందా అని తెలుసుకోవడానికి పాత మేస్త్రీల చిట్కా ఒకటుంది. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి తేదీ వేయండి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్కను రెండువైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. నెలలో గాజు చిట్లితే పగులు బతికే ఉంది. పెద్ద వివాదమైతే కాంక్రీటును పగలగొట్టకుండానే దాని నాణ్యత చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పల్స్ పరీక్షలు చేసే స్ట్రక్చరల్ ఇంజనీర్ రిపోర్టు కావాలి. ఆ రిపోర్టులో లోపం ఎక్కడ, ఎందుకొచ్చింది, రిపేరు ఎలా చేయాలి, అంచనా ఖర్చెంత అనే నాలుగూ ఉండాలి. "గోడలు బాగాలేవు" అని రాసిచ్చే రిపోర్టుకు మీరిచ్చే ఫీజు దండగ.

చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వస్తే ముందు ఆ లైను ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించేయండి. తగాదాలో పడి దీన్ని మరిచినవాళ్లను చూశాను.

తేదీలున్న రుజువు

ఫొటో ఒక్కటి చాలదు. గది మొత్తం కనబడేలా ఒకటి, గోడ మొత్తం ఒకటి, మరక దగ్గరగా స్కేలు పెట్టి ఒకటి. ఇదే మూడింటిని పది రోజులకోసారి అదే చోట నిలబడి తీయండి. దగ్గరి ఫొటోలు మాత్రమే ఉంటే, "ఇది మా బిల్డింగే కాదు" అన్న బిల్డర్లూ ఉన్నారు.

ఫొటోలు తీసిన ఫోన్‌ను అమ్మేయకండి, ఒరిజినల్ ఫైళ్లు చెరపకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఫోన్‌లోని వీడియోలు, చాట్‌లను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ జతచేయాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యి అయ్యి మసకబారిన కాపీ కన్నా అసలు ఫైలు ఉంటే ఆ పని తేలిక. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌లో దాచుకోండి.

ఇవన్నీ లోపం బయటపడ్డాక చేసేవి. అసలైతే మొదటి ఫొటోలు తాళాలు చేతికొచ్చిన రోజే తీయాలి. అద్దె ఇల్లయినా, కొన్న ఫ్లాటయినా సామాను దింపకముందే ఖాళీ గదుల్లో నిదానంగా నడుస్తూ, తేదీ చెబుతూ ఒక వీడియో తీయండి. టైల్స్‌ను నాణెంతో తట్టి బోలు శబ్దం వచ్చిన వాటికి స్టిక్కరేసి తీయండి. ఈ పావుగంట పని, ఖాళీ చేసే రోజున అడ్వాన్స్ మీద జరిగే గంటల కొద్దీ వాదనను తప్పిస్తుంది.

ఉత్తరం రాయడం

ఫోన్‌లో వందసార్లు చెప్పినా చెప్పనట్టే. మొదట వాట్సాప్‌లో పెట్టండి, జవాబు రాకపోతే వారం తర్వాత కాగితం మీద రాసి పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, స్పీడ్ పోస్టులోనే అందినట్టు రుజువు వచ్చేలా అడిగి పంపాలి. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు రెండూ దాచుకోండి. అద్దెదారు ఓనరుకు రాసేది ఇలా ఉంటే సరిపోతుంది:

"గౌరవనీయులైన ఓనరు గారికి, జులై 4న వంటింట్లో సింకు పక్క గోడకు నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు చెమ్మ కనబడింది. అదే రోజు మీకు వాట్సాప్‌లో ఫొటోలు పంపాను. జులై 9న ప్లంబర్ వచ్చి చూసి, గోడలోపలి సప్లై పైపు జాయింట్ కారుతోందని రాసిచ్చాడు. కాపీ జతచేశాను. చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వస్తోంది కనుక ఆ లైను ఆపేశాం. దయచేసి ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా రిపేరు చేయించండి. పనివాళ్ల కోసం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు ఏ రోజైనా ఇల్లు తెరిచి ఉంచుతాను. ఆలోగా పని మొదలుకాకపోతే, మన ఒప్పందంలోని రిపేర్ల షరతు ప్రకారం నేనే చేయించి, బిల్లులు మీకిచ్చి, ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకుంటాను."

ఇందులో తిట్టు లేదు, "ఇలాంటి ఇల్లు అద్దెకిస్తారా" లేదు. రెండేళ్ల తర్వాత ముక్కూమొహం తెలియని అధికారి చదువుతాడని ఊహించుకుని రాయండి. ఇల్లు తెరిచి ఉంచుతానన్న వాక్యాన్ని తీసేయకండి. "వాళ్లే మనిషిని రానివ్వలేదు" అనేది ఓనర్లూ బిల్డర్లూ తరచుగా చెప్పే సాకు.

అద్దె ఇంట్లో ఖర్చు ఎవరిది?

చాలామందికి రుచించని సంగతి ముందు చెప్పేస్తాను. ఓనరు ప్రతి రిపేరూ చేయించి తీరాలని మన పాత కేంద్ర చట్టం చెప్పడం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేది ఇంతే: తాను చేయించడానికి కట్టుబడి ఉన్న రిపేరును, నోటీసు అందాక తగిన గడువులో ఓనరు చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. "కట్టుబడి ఉన్న" అన్న మాటలోనే కిటుకంతా ఉంది. ఆ కట్టుబాటు ఎక్కణ్నుంచి వస్తుంది? మీ అద్దె ఒప్పందం నుంచి. స్టాంపు పేపరు మీద పేర్లు మార్చి సంతకాలు పెట్టే 11 నెలల నమూనాలో రిపేర్ల గురించి ఒక్క ముక్క లేకపోతే, మీ వాదన సగం బలం అక్కడే పోయింది. వచ్చేసారి రెన్యువల్ అప్పుడు ఈ ఒక్క వాక్యం రాయించండి: "నిర్మాణం, లోపలి పైపులు, వైరింగ్, లీకులకు సంబంధించిన రిపేర్లు యజమానివి. నోటీసు ఇచ్చిన 15 రోజుల్లో చేయించకపోతే అద్దెదారు చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు."

మరి ఇప్పుడున్న ఒప్పందంలో అది లేకపోతే? బేరానికి ఒక కొలబద్ద ఉంది. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఎవరి రిపేరు ఎవరిదో జాబితా ఇచ్చారు. నిర్మాణ రిపేర్లు, గోడలకు సున్నం, తలుపులు కిటికీల పెయింటు, పైపుల మార్పిడి, వైరింగ్ ఓనరువి. కొళాయిలు, వాటి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం, స్విచ్‌లు, సాకెట్లు, గీజర్ రిపేరు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెదారువి. ఇది నమూనా చట్టం, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా "సార్, కేంద్రం ఇచ్చిన జాబితాలో పైపులు మీ వైపున్నాయి" అనడం, "మీరే చేయించాలి" అని గద్దించడం కంటే బాగా పనిచేస్తుంది. అందులోనే, మినహాయింపు ఏ నెలలోనూ సగం అద్దెకు మించకూడదన్న నియమం కూడా ఉంది. దాన్ని మీరే ముందుగా ఒప్పుకుంటే ఓనరు మెత్తబడతారు.

కోపంతో అద్దె మొత్తం ఆపేయకండి. అద్దె ఆపిన మరుక్షణం కథ మారిపోతుంది, చెమ్మ పక్కకు పోయి మీరు బాకీదారుగా నిలబడతారు. మినహాయించుకునేది బిల్లు ఉన్నంతే. మిగతాది ప్రతినెలా అదే తేదీకి బ్యాంకు ద్వారా వేయండి. రిమార్కులో "ఆగస్టు అద్దె, పైపు రిపేరు పోను" అని రాయండి. రిపేరుకు ముందు కనీసం రెండు కొటేషన్లు తీసుకుని ఓనరుకు పంపితే, తర్వాత "ఇంతెందుకైంది" అనే మాట రాదు.

ఇక అడ్వాన్స్. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో కోత పెట్టడం అందరికీ తెలిసిందే. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అదే 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను మినహాయించి. గోడ రంగు వెలవడం అరుగుదల. డ్రిల్లింగ్ మెషీన్‌తో ఇరవై బెజ్జాలు వేసి వదిలేయడం నష్టం. మధ్యేమార్గం కావాలంటే వయసు లెక్క వేయండి. ఉదాహరణకు పెయింటు ఐదేళ్లు నిలుస్తుందనుకుని, మీరు నాలుగేళ్లు ఉంటే, 40,000 రూపాయల పెయింటింగ్‌లో మిగిలిన ఏడాది వాటా 8,000 రూపాయలు. మొత్తం 40,000 అడిగే ఓనరు ముందు ఈ లెక్క కాగితం మీద పెడితే, మాట ఎక్కడో మధ్యలో తెగుతుంది. ఒప్పందంలో "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు" అని మీరే సంతకం పెట్టి ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు.

ఓనరు నీళ్లో కరెంటో కట్ చేస్తే అది రిపేరు తగాదా దాటిపోయినట్టే. ఆలస్యం చేయకుండా లాయర్‌ను కలిసి సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే ఆదేశం, అడగాలి. మామూలు అద్దె తగాదాలకు వినియోగదారుల కమిషన్ సాధారణంగా దారి కాదు. అడ్వాన్స్ వసూలుకు లీగల్ నోటీసు, లోక్ అదాలత్, సివిల్ దావా వరసగా వస్తాయి. దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉంది.

బిల్డర్ మీద

ఇక్కడ చట్టం కొనుగోలుదారు వైపు గట్టిగానే ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అంటే రెరా, 14వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని గానీ, పనితనం, నాణ్యత, సర్వీసుల లోపాన్ని గానీ బిల్డర్ దృష్టికి తెస్తే, అదనంగా డబ్బు తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. ఐదేళ్లలోపు "దృష్టికి తేవడం" ముఖ్యం. నాలుగో ఏడు చివర్లో ఉన్నవాళ్లు ఫ్లాటంతా ఒకసారి తిరిగి, చిన్నాపెద్దా లోపాలన్నీ ఒకే జాబితాగా పంపేయాలి. మా అసోసియేషన్‌లో ఆ పని అందరం కలిసి చేశాం. టెర్రస్, లిఫ్టు గుంత, సెల్లార్ గోడ లాంటి ఉమ్మడి భాగాలకు అసోసియేషన్ పేరుతోనే ఫిర్యాదు చేయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.

బిల్డర్లు చెప్పే జవాబులు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. "ఒప్పందంలో ఏడాదే వారంటీ రాశాం" అంటారు. చట్టమిచ్చిన ఐదేళ్లను ప్రైవేటు ఒప్పందంతో కుదించలేరు. "మీరు ఇంటీరియర్స్ చేయించారు, బాత్రూం తవ్వారు" అంటారు. ఇది నిజమైతే ప్రమాదమే, అందుకే కారణం ముందు తేల్చుకోమన్నది. మా కేసులో స్లాబ్‌లోని పైపు సందుకు ఇంటీరియర్స్‌తో సంబంధం లేదని చూపించగలిగాం. మూడోది, జాగ్రత్త పడాల్సింది: మనిషిని పంపి పుట్టీ, రంగు పూయించి, "పని తృప్తికరంగా పూర్తయింది" అని సంతకం అడుగుతారు. కాగితం మీద సంతకానికి పైన ఇలా రాయండి: "ఈ రోజు సీలింగ్‌కు పుట్టీ, రంగు మాత్రమే వేశారు. లీకు మూలానికి రిపేరు జరగలేదు." రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి.

30 రోజులు గడిచినా కదలకపోతే రెండు తలుపులున్నాయి.

మొదటిది రెరా. ముందు మీ ప్రాజెక్టు రిజిస్టరైందో లేదో రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో చూడండి. తెలంగాణ నిబంధనలు 2017 జనవరి 1 నుంచి అనుమతి పొందిన ప్రాజెక్టులకు వర్తిస్తాయి. స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. లోపాన్ని సరిచేయమని ఆదేశం కావాలంటే ఫారం ఎం మీద అథారిటీకి, డబ్బు పరిహారం కావాలంటే ఫారం ఎన్ మీద అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కు (పరిహారం తేల్చే అధికారికి) దరఖాస్తు చేయాలి. ఈ తేడా తెలియక ఒకే కాగితంలో రెండూ అడిగి తిప్పించుకున్నవాళ్లున్నారు. పరిహారం దరఖాస్తును 60 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి. గెలిచాక ఒక సౌలభ్యం ఉంది: మీకు డబ్బు చెల్లించాలన్న ఆదేశం మీద బిల్డర్ అప్పీలుకు వెళ్లాలంటే ఆ మొత్తాన్ని ట్రిబ్యునల్‌లో ముందు కట్టాలి. కట్టకుండా మొండికేస్తే భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేసే అధికారం చట్టంలో ఉంది.

రెండోది వినియోగదారుల కమిషన్. 2019 నాటి చట్టంలో ఇళ్ల నిర్మాణం కూడా సేవే. మీరు చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన జాతీయ కమిషన్. లెక్కలోకి వచ్చేది ఫ్లాటుకు కట్టిన ధర, రిపేరు ఖర్చు కాదు. 60 లక్షలకు కొన్న ఫ్లాటులో లక్ష రూపాయల లీకుకైనా రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. ఫీజు స్వల్పం: 20 నుంచి 50 లక్షల మధ్యయితే 1,000 రూపాయలు. మీరుండే చోటే ఫిర్యాదు చేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. కాలపరిమితి మాత్రం రెండేళ్లు, ఇది రెరా ఐదేళ్ల కంటే తక్కువ. వెళ్లేముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తే కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి.

రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అలాగని ఒకే నష్టానికి రెండు చోట్లా కేసు వేయకూడదు. ఏది ఎంచుకోవాలంటే, నా అభిప్రాయం ఇది: బిల్డర్ చేత రిపేరు చేయించుకోవాలనుకుంటే, ప్రాజెక్టు రిజిస్టరై ఉంటే రెరా. చిన్న బిల్డింగై రిజిస్ట్రేషనే లేకపోయినా, నష్టం, మానసిక వేదన, కోర్టు ఖర్చులు కలిపి అడగాలనుకున్నా కమిషన్.

సొంత స్థలంలో కట్టించుకుంటే

మేస్త్రీకో కాంట్రాక్టర్‌కో చదరపు అడుగు లెక్కన ఇచ్చి కట్టించుకున్న ఇంటికి రెరా వర్తించదు. వినియోగదారుల చట్టం వర్తిస్తుంది, కానీ అక్కడ నిలబడాలంటే రాతపూర్వక ఒప్పందం కావాలి. మామూలుగా ఉండేది మాత్రం పాకెట్ డైరీలో అడ్వాన్స్‌ల లెక్క. కనీసం ఒక పేజీలో సిమెంటు, ఇనుము బ్రాండు, స్లాబ్ మందం, దశలవారీ చెల్లింపులు, లోపాల బాధ్యత ఎన్నేళ్లో రాసుకోండి. చివరి చెల్లింపులో కొంత ఒక వానాకాలం గడిచాకే ఇస్తానని ముందే చెప్పండి. చేతిలో ఉన్న ఆ డబ్బు ముందు ఏ సెక్షనూ పనికిరాదు.

రాజీ కుదిరితే

తగాదాలు చాలావరకు కోర్టు దాకా వెళ్లకుండానే తెగుతాయి, తెగాలి కూడా. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీ దరఖాస్తు పెట్టొచ్చు. లోక్ అదాలత్‌కు కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి ఒప్పుకునేముందు ఒక్కో వాక్యం చదవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. హెల్ప్‌లైన్ నంబరు 15100.

రాజీపత్రంలో "రిపేరు చేయిస్తాను" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ గదిలో ఏ పైపు, ఏ పద్ధతిలో, ఏ తేదీకి మొదలై ఏ తేదీకి ముగియాలి, పాడైన కప్‌బోర్డు సంగతేంటి, పని జరిగే రోజుల్లో ఆ గది వాడలేకపోతే అద్దె తగ్గింపు ఎంత, మళ్లీ లీకైతే ఎన్ని నెలల దాకా మళ్లీ చేయాలి, అన్నీ రాయాలి. వాటర్‌ప్రూఫింగ్ పూత వేశాక, టైల్స్ అతికించకముందే మళ్లీ 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూపించాలన్న షరతు పెట్టించండి. టైల్స్ వేశాక అడిగితే ఎవరూ తవ్వరు.

మా ఇంట్లో అలాగే చేయించాం. పైవాళ్ల బాత్రూంలో ట్రాప్ చుట్టూ తవ్వి, జాయింట్ మార్చి, గ్రౌట్ నింపి, పూత వేసి, నీళ్లు నింపారు. ఈసారి రంగు తెచ్చింది సూపర్‌వైజరే. మర్నాడు గుడ్డ తీసి నీళ్లు వదిలారు, కింద గంటసేపు మెడ నొప్పెట్టేదాకా నిలబడ్డాం, చుక్క రాలేదు. సీలింగ్‌కు రంగు మాత్రం అప్పుడే వేయనివ్వలేదు. మరక చుట్టూ పెన్సిల్ గీత గీసి, తేదీ వేసి, రెండు వానాకాలాలు అలాగే ఉంచాను. చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆవిడ ఆ గది తలుపు దగ్గరేసేది.